వెల్ల వేసిన ఇల్లు, వీరాయమ్మ మంచం

తాతారావు చెడ్డవాడేమీ కాదు. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి. తరవాత చెబితే ఎవరూ నమ్మరు. తాటిపాకకి కోసెడు దూరంలో, కాలవగట్టు మీద ఉన్న ఊళ్ళో నలభై ఏళ్ళు బతికి, ఒకరి చేత మాట పడకుండా నెట్టుకొచ్చిన మనిషి. సైకిళ్ళు బాగు చెయ్యడంలో రాజోలు తాలూకా మొత్తం మీద అతన్ని మించినవాడు లేడు. వీధరుగు మీద గోనెపట్టా పరుచుకుని, చుట్టూ గొలుసులూ పెడళ్ళూ వేసుకుని కూచుంటే పోస్టు మేష్టారంతటివాడు కూడా పక్కనే నిలబడి, "మా బండి కాస్త చూద్దురూ" అని బతిమాలేవాడు. అంత పనివాడికి ఒక్కటే ఆశ. అమలాపురం బజార్లో, నలుగురూ చూసే చోట, పైన బోర్డు కట్టి సొంతంగా సైకిలు షాపు పెట్టాలని.

పందొమ్మిది వందల యాభై అయిదులో ఆ అవకాశం రానే వచ్చింది. బజార్లో గది ఖాళీ అయింది. జనవరి ఒకటో తారీఖులోగా వచ్చి దిగితే సరే, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు గది ఆసామి. చేతిలో ఉన్నది తాత కట్టిన పెంకుటిల్లు ఒక్కటే. అమ్మెయ్యాలి, అదీ గబగబా అమ్మెయ్యాలి.

చూడబోతే ఇల్లు అమ్మేలా లేదు. యాభై మూడు వరదకి కాలవ పొంగి నడుమెత్తు నీళ్ళు నాలుగు రోజులు ఇంట్లోనే కాపురం పెట్టాయి. నీళ్ళు పోయాయి కానీ గోడల మీద ఆ చార పోలేదు. చూరు కింద వాసాలు కుంగాయి. వీధి గుమ్మానికి అడుగున చెదలు పట్టింది. ఇళ్ళూ పొలాలూ బేరాలు కుదిర్చే ఎర్రయ్య వచ్చి చుట్టూ ఒక తిరుగు తిరిగి, నోట్లో చుట్ట తీసి నవ్వాడు.

"ఇల్లమ్మడవంటే పిల్లని చూపించడవేనండి తాతారావుగారూ. మొహం కడగాలి, తల దువ్వాలి, బొట్టెట్టాలి. ఇలా చూపిస్తే ఎవడు చూస్తాడండీ?"

సరే, మొహం కడగడం మొదలెట్టాడు. పెంకంతా దింపించి మళ్ళీ నేయించాడు. కాట్రేనికోన వైపు నుంచి గుల్లసున్నం తెప్పించి, నీలిమందు కలిపి గోడలకి వెల్ల వేయించాడు. మొదటి పూతకి వరద చార మాయమైంది. తెల్లారేసరికి పచ్చగా పైకి తేలింది. రెండో పూత వేస్తే మళ్ళీ తేలింది. మూడో పూతకి గానీ లొంగలేదు. గుమ్మం అడుగున చెదలు తిన్న చోట రంపంపొట్టూ మైనమూ కలిపి కూరి, పైన తారు పూసి నున్నగా చేశాడు. ఆ పని మాత్రం కూలివాళ్ళకి చెప్పలేదు. తనే చేశాడు, వీధి తలుపు వేసుకుని మరీ.

"చూసేవాళ్ళకి తెలీదంటారా?" అంది పెళ్ళాం కామాక్షి.

"తెలిసేలోపు మనం అమలాపురంలో ఉంటాం."

ఆవిడ కంచం పెట్టింది. తాతారావుకి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. మోసం చెయ్యడం అలవాటు లేని మనిషి కదా. రెండోపూటకి సర్దుకుంది. అదే వచ్చిన చిక్కు. సర్దుకుంది.

ఇక ఇంట్లో బాగు చెయ్యడానికి వీల్లేకుండా మిగిలింది వీరాయమ్మ ఒక్కతే.

వీరాయమ్మ తాతారావుకి మేనత్త. పదహారో ఏట మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. తాతారావుని కని తల్లి పురిట్లోనే పోతే, నెత్తురుగుడ్డుని ఈవిడే చేతుల్లోకి తీసుకుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఎవరెన్ని చెప్పినా, "వీణ్ణెవడు చూస్తాడు?" అని కొట్టిపారేసింది. మేక పాలు పట్టి, ఉగ్గు పెట్టి, ముడ్డి కడిగి, కోపమొస్తే వీపు విమానం మోత మోగించి పెంచింది. నోరు పెద్దది. అతనికి నలభై ఏళ్ళొచ్చినా, వీధిలో పోస్టు మేష్టారు నిలబడి ఉన్నా సరే, "ఒరే తాతిగా, అన్నం చల్లారిపోతంది, లోపలికి తగలడు!" అని కేకేసేది. తాతారావు సిగ్గుపడుతూ లేచి వెళ్ళేవాడు. మేష్టారు నవ్వేవాడు.

ఆ కార్తీకంలో ఆవిడకి జ్వరం తగిలింది. వారం తిరిగేసరికి మంచం పట్టింది. రాజోలు నుంచి వచ్చిన డాక్టరు గొట్టం పెట్టి చూసి, నెమ్ము చేసిందన్నాడు. "పెద్ద వయసు. ఈ వారం దాటితే చూద్దాం" అని చెప్పి వెళ్ళిపోయాడు. నడిమింట్లో, మూడు పూతల వెల్ల మధ్య, నులక మంచం మీద వీరాయమ్మ ఆయాసపడుతూ పడి ఉంది.

మర్నాడే ఎర్రయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. "కొత్తపేట నించి గంగరాజుగారనీ, మంచి పార్టీ అండి. ఆదివారం భార్యతో కలిసి పడవ మీద వస్తారు. నచ్చితే అప్పుడే బయానా ఇచ్చేస్తారు." అంటూ లోపలికి తొంగి చూశాడు. మంచం కనబడింది. నాలుక చప్పరించాడు. "పెద్దావిడ సంగతేటండీ ఇలాగైపోయింది? ఈ గురువారం నించీ పంచకాలంట. చూసుకోండి మరి, నేను చెప్పేవాణ్ణి కాదు."

చెప్పేవాణ్ణి కాదంటూనే చెప్పి పోయాడు పుణ్యాత్ముడు.

ధనిష్ఠ సగంలో మొదలై రేవతితో అయిపోయే ఆ ఐదు రోజులూ నెలనెలా వస్తాయి, పోతాయి. ఎవరికీ పట్టదు. ఇంట్లో మనిషి పోయే ప్రమాదం ఉంటేనే గుండెలు గుభేలుమంటాయి. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి. దీపం పెట్టే దిక్కుండకూడదు. అలా మూతబడ్డ కొంపని తరవాత మాత్రం ఎవడు కొంటాడు? గంగరాజుగారు ఇంకో ఇల్లు చూసుకుంటారు. బజార్లో గది ఇంకొకడి పాలవుతుంది.

తాతారావు పంతులుగారి దగ్గరికి వెళ్ళాడు. అసలు సంగతి అడగడానికి నోరు రాలేదు. వర్షాల గురించి అడిగాడు, కొబ్బరి దిగుబడి గురించి అడిగాడు, ఆఖర్ని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఎవరి గురించో అన్నట్టు అడిగాడు.

"నడిమింట్లో పోతే ఆరు నెలలు తప్పదోయ్" అన్నారు పంతులుగారు. "అరుగు మీదో, పశువుల సాలలోనో అయితే ఇంటికి పట్టదు. అందరూ చేసేదేగా."

అందరూ చేసేదే. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. పెళ్ళాంతో, "పంతులుగారు బయట పడుకోబెట్టమన్నారు" అని చెప్పాడు. పంతులుగారు అనలేదు. తనే అనిపించాడు.

"అరుగు మీదాండీ?" అంది కామాక్షి.

"అరుగు మీద ఆదివారం వాళ్ళు కూచోవాలి కదా. కాయల కొట్టులో పడుకోబెడదాం."

కాయల కొట్టంటే ఇంటి వెనక కాలవ వైపున్న తాటాకుల పాక. కొబ్బరికాయలు రాశులు పోసి, ఒలిచిన పీచు డొక్కలు పక్కకి పడేసే చోటు. కార్తీకం మంచుకి ఆకుల చివర్ల నుంచి తెల్లవార్లూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. కామాక్షి మొగుడి మొహంలోకి చూసి, "పెద్దమ్మగారికి మీరే చెప్పండి. నావల్ల కాదు" అంది.

గురువారం పొద్దున్న తాతారావు మంచం పక్కన గొంతుక్కూచున్నాడు.

"అత్తా, కొత్త వెల్ల ఘాటు నీ దగ్గుకి పడ్డం లేదు. నాలుగు రోజులు కొట్టులో పడుకో. గాలాడుద్ది."

వీరాయమ్మ కళ్ళు తెరిచింది. చాలాసేపు అతని మొహమే చూసింది. ఆ కళ్ళకి జ్వరం ఉంది కానీ మసక లేదు.

"ఇయ్యాళ గురువారవా?"

"అవునత్తా."

"ఆయ్" అంది వీరాయమ్మ.

ఆయ్ అనే మాట కరణంగారితో అంటారు, మునసబుగారితో అంటారు, అడిగినదానికల్లా తలూపాల్సిన పెద్దమనుషులతో అంటారు. నెత్తురుగుడ్డు నాడు చేతుల్లోకి తీసుకున్న మేనల్లుడితో ఎవరూ అనరు. నలభై ఏళ్ళలో వీరాయమ్మ అతనితో ఆ మాట అనడం అదే మొదలు. ఒరే వెధవా, నన్ను బయట పారేస్తావురా అని ఒక్క తిట్టు తిట్టి ఉంటే తాతారావు మంచం అక్కడే దింపేసేవాడు. షాపూ వద్దు, గీపూ వద్దు అనేవాడు. ఆవిడ తిట్టలేదు.

తలవైపు అతనూ కాళ్ళవైపు కామాక్షీ పట్టుకుని మంచం ఎత్తారు. పెరటి గుమ్మం మరీ ఇరుకని వీధి వైపు నుంచి తిప్పబోతే, ఆ గుమ్మంలోనూ మంచం పట్టలేదు. పక్కకి వంచాల్సి వచ్చింది. జారిపోతానన్న భయంతో వీరాయమ్మ ద్వారబంధం పట్టుకుంది. పట్టుకున్న చోటే అతను కూరిన మైనం. అది ఆరలేదు. వేళ్ళు దిగబడి, తారు నల్లగా అంటుకుంది. ఆవిడ ఆ వేళ్ళకేసి చూసుకుని, చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. కొట్టులో మంచం దింపి వచ్చాక తాతారావు మొదట చేసిన పనేమిటంటే, ఆ వేళ్ళ గుంటలు మళ్ళీ పూడ్చడం. అవును, అదే. అమ్మకానికి పెట్టిన ఇల్లు కదా.

శుక్ర, శని వారాలు రోజుకి పదిసార్లు కొట్టులోకి వెళ్ళి చూశాడు. ఎందుకు చూస్తున్నాడో అతనికే తెలీలేదు. బతికుందా అని ఒకసారి, ఇంకా బతికే ఉందా అని ఒకసారి. ఆ రెండో ఆలోచన మెదిలినప్పుడు చెంపలు వాయించుకున్నాడు. గట్టిగానే వాయించుకున్నాడు, కామాక్షి గదిలోంచి విని ఏమిటా చప్పుడని అడిగింది కూడా.

ఆదివారం పొద్దెక్కాక రేవులో పడవ ఆగింది. గంగరాజుగారు లావుపాటి మనిషి. భార్య సీతారత్నమ్మగారు నెమ్మదైన మనిషి. తాతారావు ఉతికిన పంచె కట్టుకుని, చేతులు నలుపుకుంటూ ఎదురెళ్ళాడు.

"లోపలికి దయచెయ్యండి. నడవా చూద్దురు గాని. పెంకు కొత్తగా నేయించేనండి."

గంగరాజుగారు ఇంటి మొహం కూడా చూడలేదు. కాలవ ఒడ్డు నుంచి బాట దాకా అంగలు వేసుకుంటూ కొలుచుకున్నారు. రేవులో కర్ర గుచ్చి లోతు చూశారు. బరువు పడవ ఒడ్డు దాకా వస్తుందా అని ఎర్రయ్యని అడిగారు. తాతారావు వెనకాలే తిరుగుతూ, "ఒక్కసారి లోపల చూస్తే..." అన్నాడు.

"ఇల్లెందుకండీ? పీకించేస్తాం" అన్నారాయన. "నూనె మిల్లు పెడదావని. మాకు కావల్సింది కాలవ ఒడ్డు స్థలం. కావలిస్తే ఆ పెంకూ కలపా మీరే పట్టుకెళ్ళండి."

తాతారావు వెనక్కి తిరిగి, మూడు పూతల వెల్లకేసి చూసుకున్నాడు. ఎర్రయ్యకి మాత్రం సంతోషం పట్టలేదు. బేరం కుదిరినట్టేనని నవ్వుతూ, "మరి పంచకాలూ అవీ పట్టింపులేవీ లేవాండీ తవరికి?" అని అడిగాడు.

"పీకే కొంపకి పంచకమేటయ్యా!" అని గంగరాజుగారు పడీ పడీ నవ్వారు.

వాళ్ళు నిలబడ్డది సరిగ్గా కాయల కొట్టు పక్కనే. మధ్యన ఉన్నది తాటాకు దడి. తాతారావుకి తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు లోపలికి వినబడకుండా చెయ్యాలనిపించింది. ఎలా చేస్తాడు?

ఈలోగా సీతారత్నమ్మగారు కాళ్ళు కడుక్కోవడానికి అటు తిరిగి, కొట్టులోకి చూసి అదిరిపడింది.

"అయ్యో! ఇదేటండీ, పెద్దావిణ్ణి ఇక్కడ డొక్కల్లో పడుకోబెట్టేరు?"

కామాక్షి తలొంచుకుంది. అందరూ తాతారావుకేసి చూశారు. వెల్ల ఘాటు అన్న అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కానీ, ఇంత మంది ముందు ఆడడానికి మొహం చెల్లలేదు. అప్పుడు కొట్టులోంచి నీరసంగా వినబడింది.

"నేనే గొడవెట్టి వచ్చేనమ్మా. వెల్ల ఘాటు పడదు నాకు. ఆయన వద్దంటానే ఉన్నారు, నేనే వినలేదు."

ఆయన! వాడు అనలేదు, మావాడు అనలేదు. అతని అబద్ధాన్ని అందుకుని, అతని పరువు కాపాడి, అతన్ని పరాయివాణ్ణి చేసేసింది. ఆ ముసలావిడకి ఎంత ఓర్పు చూడండి! భూమి చీలితే బాగుణ్ణని మాటవరసకి అంటూ ఉంటాం. తాతారావు నిజంగానే కాళ్ళ కిందకి చూసుకున్నాడు.

పడవ కదిలాక కొట్టులోకి పరిగెత్తాడు. "అత్తా, బేరం అయిపోయింది. లోపలికి పోదాం పద" అని మంచం పట్టెలు పట్టుకున్నాడు.

"ఇంకా మంగళారం దాకా ఉన్నాయి కదండీ" అంది వీరాయమ్మ. అని కళ్ళు మూసుకుంది. అతను ఎంత బతిమాలినా తెరవలేదు.

ఆవిడ పోలేదు. సోమవారానికి జ్వరం దిగింది. బుధవారం పొద్దున్నే గోడ పట్టుకుని, తనంతట తనే నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చి, జావ కాయమని కామాక్షిని అడిగింది.

అమలాపురంలో షాపు బాగానే నడిచింది. పైన బోర్డు కట్టారు. రమణమ్మగారని ఒకావిడ ఇంట్లో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నారు. వెళ్ళిన మొదటి నెలే ఒక రోజు వీరాయమ్మ అడిగింది.

"ఈ నెల ఆ ఐదు రోజులూ ఎప్పట్నించండీ?"

తాతారావు అర్థం కానట్టు చూశాడు. ఆవిడే మళ్ళీ చెప్పింది. "నాకు అక్షరం ముక్క రాదు కదా. పంచాంగం చూసి చెబితే బయట పడుకుంటాను. అద్దె కొంప. మనిషిని మోసుకుపోవడం మీకూ కష్టం."

చెప్పనన్నాడు. ఆవిడ పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకుంది. చాపా దుప్పటీ చంకన పెట్టుకుని వెళ్ళి అరుగు మీద పడుకుంది. ఐదు రోజులు. మరుసటి నెలా అంతే. ఆ మరుసటి నెలా అంతే. కోపంతో చేసిందా అంటే అదీ కాదు. ఆ ఐదు రోజులూ అతనికి ఇష్టమైన కూరలన్నీ ఎలా వండాలో అరుగు మీంచే కామాక్షికి చెబుతూ ఉండేది. "ఏటండీ తాతారావుగారూ, పెద్దావిణ్ణి బయట పడుకోబెడతన్నారు?" అని వీధివాళ్ళు అడిగితే, "లోపల ఉక్కపోత" అని ఆవిడే జవాబు చెప్పేది. పుష్యమాసం చలిలో కూడా అదే జవాబు. వీధివాళ్ళు వెర్రివాళ్ళేం కాదు. షాపులో ఎంత రద్దీగా ఉన్నా ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడుకుంటే, తన గురించేనని తాతారావుకి అనిపించేది.

క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నాడో! చాప పక్కన కూచునేవాడు. మాట గొంతు దాకా వచ్చేది. "ఏంటండీ?" అని ఆవిడ అడగ్గానే అండీ అన్న ఆ రెండక్షరాలకే ప్రాణం చచ్చిపోయేది. లేచి వెళ్ళిపోయేవాడు. ఒకనాడు తాగి వచ్చి, "నన్ను తిట్టవే! కొట్టవే!" అని కాళ్ళ మీద పడ్డాడు. "తప్పండీ, లెగండి. నలుగురూ చూస్తారు" అని కాళ్ళు వెనక్కి తీసుకుంది.

అలా రెండున్నరేళ్ళు గడిచాయి. యాభై ఎనిమిదిలో అధిక శ్రావణం వచ్చింది. వాన విడవకుండా కురుస్తోంది. అరుగంతా జల్లు. వీరాయమ్మకి మళ్ళీ ఆయాసం ఎక్కువైంది. చేత్తో పట్టుకుంటే ఎముకలే తగిలేలా అయిపోయింది. పక్కింటి దాకా నడవలేక అతన్నే అడిగింది.

"ఎప్పట్నించండీ?"

పంచాంగం అతని చేతిలోనే ఉంది. ఆ మధ్యాహ్నం నుంచే. "ఈ నెల లేవత్తా" అన్నాడు తాతారావు. "ఇది అధికమాసం. అధికమాసంలో పంచకాలుండవు."

చిన్నపిల్లాడు కూడా నమ్మని మాట. నక్షత్రాలకి అధికమాసమేమిటి, నిజమాసమేమిటి? వీరాయమ్మ అతని మొహంలోకి చూసింది.

"ఆయ్" అంది. చాప తీసుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో అతనికి ఎప్పటికీ తెలీలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, కామాక్షి జావ పడుతూ ఉండగా, నడిమింట్లో, పరుపు మీద ప్రాణం వదిలేసింది.

పురోహితుడు వేళ్ళు లెక్కపెట్టి పూర్వాభాద్ర అన్నాడు. ఆరు నెలలన్నాడు. ఇంటావిడ రమణమ్మగారు గుండెలు బాదుకుంది.

"ఎంత పని చేసేరండీ! మాకు ముందే చెప్పకూడదా? నెలనెలా అరుగు మీద ఉండే మనిషే కదా! చూసుకోలేదా మీరు?"

"చూసేనండి" అన్నాడు తాతారావు. వాకిట్లో వీధి వీధంతా నిలబడి ఉంది. "తెలిసే లోపల ఉంచేను. ఒకసారి ఇల్లమ్ముకోడానికి బతికున్న మనిషిని కొబ్బరి డొక్కల్లో పారేసేను. ఉక్కపోతా కాదు, గాలీ కాదు. నావల్లే ఇన్నాళ్ళూ బయట పడుకుంది." ఆ మాట మూడేళ్ళ కిందట కొట్టు ముందు అనాల్సింది. ఇప్పుడంటే వినాల్సిన మనిషి వినలేదు.

ఆరు నెలల అద్దే, శాంతికయ్యే ఖర్చూ ఇస్తానని రమణమ్మగారికి ఒప్పుకున్నాడు. తలుపుకి తాళం వేశాడు. షాపు వెనకున్న చిన్న గదిలో, టైర్లూ ట్యూబుల మధ్య పొయ్యి పెట్టుకున్నారు. ఇరుకే. వానాకాలం పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది, చలి వచ్చింది, పోయింది. పని ధ్యాసలో రోజులు దొర్లిపోయాయి.

గడువు తీరాక శాంతి చేయించి తాళం తీశారు. కామాక్షి బూజు దులిపింది, నేల కడిగింది, నడిమింట్లో దీపం వెలిగించింది. తరవాత నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ ఒకసారి చూసింది.

"ఆరు నెలలు ఇల్లు మూసుకోడవంటే ఇంతేనా అండీ?" అంది.

దెప్పడానికి అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అంది. తాతారావు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, తడి ఆరని ఆ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్త పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.